గోమా కాళ్లు

నేను అద్దెకుండే ఇంటామె హిసానో పిన్ని, లాండ్రీలో ముప్పై ఏళ్లు ఇస్త్రీ చేసిన మనిషి. జపాన్‌లోని మత్సుయేలో మా వీధి మొత్తంలో నా విసుగును భరించేది ఆమె ఒక్కతే. అక్కను చూడడానికి ఒసాకా వెళ్తూ, తన ముసలి కుక్క గోమాను మూడు రోజులు కుక్కల హాస్టల్లో వదిలింది. ఏం తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో రెండు కాగితాల నిండా రాసిచ్చింది.

ఆమె తిరిగొచ్చాక గోమాను తెచ్చుకోడానికి ఇద్దరం వెళ్లాం. గోమా గుమ్మంలో, బూట్లు విడిచే చోట, డొక్కలు తేలి కూర్చుంది.

"మొండిదండీ మీ కుక్క. లోపలికి లాక్కెళ్తే మళ్లీ ఇక్కడికే వస్తుంది. తిండి కూడా ముట్టలేదు," అన్నాడు మేనేజరు.

"కాళ్లు తుడిచావా బాబూ? తుడవందే అది గుమ్మం దాటదు," అంది పిన్ని.

"కాగితంలో రాయలేదుగా?"

"అదీ రాయాలా? మీ ఇంట్లో నువ్వు బూట్లతో తిరుగుతావా?" అని నేను ఎగిరాను.

"ఊరుకోరా," అంటూ పిన్ని కింద కూర్చుని చేతిరుమాలు తీసింది. గోమా ఒక్కో కాలే ఎత్తి ఇచ్చింది. నాలుగోది తుడవగానే దర్జాగా మెట్టెక్కి, మేనేజరును దాటుకుని వెళ్లి గిన్నెలో మూతి పెట్టింది.

"పోదాం పద పిన్నీ, ఇక్కడొక్క క్షణం ఉండొద్దు," అన్నాను.

"ఉండరా, తిననీ," అంది పిన్ని, మాసిన రుమాలు మడత పెడుతూ.