నాలుగో లైను రాని బోర్డు

మా బాపు రిటైరైన నాడు నన్ను చూసినోళ్ళు, రిటైరయ్యేది ఈ పిల్లేనా అనుకున్నరట. అంతగనం ఎగురుతున్న. మా గోదావరిఖనిల బాయి పని చేసేటాయన ఆఖరు షిఫ్టు చేసి పైకొచ్చిండంటే ఊకె ఇంటికి తోలియ్యరు. బాయంటే మాకు బొగ్గు బాయే, నీళ్ళ బాయి కాదు. గేటు కాడనే మెడనిండ పూలదండలేసి, మొకానికి రంగు పూసి, ఓపెన్ జీపుల కూసోవెట్టి, డప్పులు కొట్టుకుంట క్వార్టర్ దాక తీస్కవస్తరు. పెండ్లి కన్న ఎక్కువ జేస్తరు. పెండ్లి నాడు జర భయమన్న ఉంటది, గీ నాడు గదీ ఉండదు.

గా ఊరేగింపుల బాపు జీపు ముంగట నా బోర్డు నడవాలని పట్టువట్టిన. ఇంజనీరింగ్ అయినంక హైదరాబాద్ పోయి, చిప్పులకు ప్రోగ్రాం రాసే కోర్సు చేసి వచ్చి ఇంట్ల కూసున్న. నౌకరి రాలే. మా కాక, అంటే బాపు తమ్ముడు, కనవడ్డప్పుడల్ల నీ కంప్యూటర్ బువ్వ పెడుతుందా బిడ్డా అని నవ్వుకుంటనే కుడుతుండె. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అందుకే ఎర్ర లైట్ల అక్షరాలు కుడి నుంచి ఎడమకు ఉరికే బోర్డు నా చేత్తోటి చేసిన. బాపు కతంత నాలుగు లైన్లల్ల. మొదటిది, కోల్ ఫిల్లర్‌గ బాయిల దిగిండు. రెండోది, తట్టలు మోసిండు, బొగ్గు టబ్బులు నింపిండు. మూడోది, పిల్లలను సదివిచ్చిండు. నాలుగోది మా అవ్వ చెప్పింది.

మమ్ముల కన్న మా అవ్వ నలుగురిల బాపుతోటి మాట్లాడే మనిషి కాదు. పొద్దుగాల నాలుగింటికి లేసి టిపిన్ కట్టి, ఆయన సైకిలెక్కి మలుపు తిరిగేదాక ఇంటి కడప కాడ నిలవడేది. అంతే. అసుంటిది వచ్చి, నీ బోర్డు మీద నాదొక్క మాట రాస్తవా అని అడిగితే నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. బాపు ఇంట్ల కాలు పెట్టకముందు ఆ మాట ఆయన కంట్ల పడాలెనట. మిగిలిన మూడు లైన్లు ఎట్లన్న పోనీ అన్నది. నేను మాటిచ్చిన.

అయితే నా బోర్డుకొక రోగం ఉండె. ఏ లైను మెమరీల ఏ జాగల ఉన్నదో చెప్పే చిరునామాలను వేరే చిన్న చిప్పుల పెట్టిన. ఆ చిప్పు సాకెట్ల జర లూజు. కదిలిందంటే తప్పు చిరునామా చదువుతది. ప్రాసెసర్ ఆ చిరునామాకు పోతది, అక్కడ మెమరీయే ఉండదు. గప్పుడు చేస్తున్న పని ఇడిసిపెట్టి డేటా అబార్ట్ అనే దారి పడతది. ఆ దారిల ఏం చెయ్యాల్నో మనమే రాసిపెట్టాలె. రాయకుంటే అక్కడనే గిరగిర తిరుక్కుంట ఉంటది, బోర్డు బిగుసుకపోతది. నేను రాయకేం, రాసిన. తప్పు జరిగితే మళ్ళ మొదటి లైను నుంచి షురూ చెయ్యమని రాసిన. ఇంట్ల టేబుల్ మీద మస్తు పని చేసింది. నన్ను నేనే మెచ్చుకున్న. మా టేబుల్ బొగ్గు లారీలు నడిచే రోడ్డు కాదన్నది మాత్రం యాదికే రాలే.

నెల ఆఖరు దినం పొద్దుగూకంగ గేటు కాడ షురువైంది. ముంగట డప్పులు, వాటెనుక ట్రాలీ ఆటో. దాంట్ల నేను, నా బోర్డు. బోర్డు మొకం జీపుల వస్తున్న బాపు దిక్కు. అప్పటికి రాష్ట్రం రాలే, జై తెలంగాణ అనకుంట ఏ ఊరేగింపు కదిలేది కాదు, మాది గూడ గట్లనే కదిలింది. 'కోల్ ఫిల్లర్‌గ బాయిల దిగిండు' అని అక్షరాలు ఉరకంగనే అందరు ఈలలేసిండ్రు. రెండో లైను సగం వచ్చిందో లేదో ట్రాలీ గుంతల పడ్డది. మళ్ళ బాయిల దిగిండు. ఇంకో గుంత. మళ్ళ దిగిండు. మా రోడ్డు మీద గుంతలకేం కరువు? ఆ సాయంత్రం బాపు ఎన్నిసార్లు బాయిల దిగిండో దేవునికెరుక. మా అన్నను రిటైర్ చేసుడు నీతోటి అయితలేదా బిడ్డా అని కాక ఎగురుకుంటనే అడిగిండు. జనం కడుపులు పట్టుకోని నవ్విండ్రు. నేను గూడ పడీ పడీ నవ్విన, చిప్పు మీద బొటనవేలు పెట్టి వత్తుకుంట. చౌరస్తా దాటినం, మార్కెట్ దాటినం. మూడో లైను ఒక్కసారి తొంగి చూసి పోయింది. అవ్వ లైను జాడ లేదు.

మా క్వార్టర్ ముంగటికొచ్చి ఆగినం. కడప కాడ అవ్వ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకోని నిలవడ్డది. ఇగ దిష్టి తీసి లోపలికి తీస్కపోవుడే మిగిలింది. అవ్వ నా దిక్కు చూసింది. నేను లేదన్నట్టు తలకాయ ఊపిన. జల్ది జల్ది ట్రాలీ ఇంజన్ బందు చేయించిన. అయినా ఏం లాభం, ఇల్లొచ్చిందని డప్పులు ఇంకింత జోరందుకున్నయి, కాక ట్రాలీని పట్టుకోని ఎగురుతుండు. బోర్డు మీద బాపు మళ్ళ బాయిల దిగిండు. అటు జీపుల బాపు ఒక కాలు కింద పెట్టనే పెట్టిండు. నాకు ఏడుపొచ్చింది.

గప్పుడు అవ్వ పళ్ళెం కింద పెట్టింది. వాడకట్టంత ఇనవడేటట్టు అన్నది.

"డప్పులు ఆపుండ్రి. ఎవ్వరు కదలకుండ్రి. ఆయన చదువాలె."

మా అవ్వకు అంత గొంతు ఉన్నదని మాకే తెల్వదు. డప్పులు ఆగినయి. ఒంటికాలి మీద ఎగురుతున్న కాక రెండో కాలును దొంగలెక్క మెల్లగ కింద పెట్టిండు. బాపు కాలు మళ్ళ జీపులకు తీసుకున్నడు. మొకాలనిండ రంగులు పూసుకున్న అంతమంది ఊపిరి బిగపట్టి ఎర్ర లైట్ల దిక్కే చూసుకుంట నిలవడ్డరు. దిగిండు. మోసిండు, నింపిండు. ఎవరికో తుమ్ము రాబోతే పక్కనోడు ముక్కు పట్టుకున్నడు. సదివిచ్చిండు. ఇగ నాలుగోది వచ్చింది.

బాపు రాత్రి బడిల అక్షరాలు నేర్చుకున్న మనిషి, ఏది చదివినా పైకే చదువుతడు. కూడబలుక్కుంట చదివిండు.

"రేపు... పొద్దెక్కినంక... లే."

అది ఎవ్వరి మాటనో ఎవ్వరు చెప్పే పని లేకుండె. బాపు దండల మొకం దాచుకున్నడు. భుజాలు ఊగుతున్నయి. నవ్వుతుండో ఏడుస్తుండో నాకు తెల్వలే, నేను మాత్రం రెండూ చేసిన. ఇంతల కాక సంతోషం ఆపుకోలేక ట్రాలీని ఒక్క గుద్దు గుద్దిండు. బాపు మళ్ళ బాయిల దిగిండు. ఇగ ఆ నవ్వులు, ఆ డప్పులు ఎంతసేపటికి ఆగలే.

తర్వాత నేను ఆ డేటా అబార్ట్ దారిల రాసింది మార్చిన. తప్పు జరిగితే, ఏ లైను మీద ఉన్నమో ఒక పక్కకు రాసిపెట్టుకోని, మళ్ళ అక్కడి నుంచే నడవాలె. సాకెట్ గూడ మంచిది కొన్న. కాక తన రిటైర్మెంటుకు గా బోర్డే కావాలన్నడు, పాతదాని లెక్కనే మళ్ళ మళ్ళ మొదటికి రావాలని షరతు గూడ పెట్టిండు.

ఊరేగింపు తెల్లారి నాలుగింటికి నాకే మెలకువ వచ్చింది. ఆ యాల్లకు రోజు గిన్నెల చప్పుడు ఉంటుండె, ఆ నాడు లేదు. చీకట్ల మంచం దిక్కు నుంచి బాపు గొంతు మెల్లగ ఇనవడ్డది.

"లేసినవా?"

"లేవలే," అన్నది అవ్వ. "నువ్వు?"

"నేను గూడ లేవలే," అన్నడు బాపు.