నాగవేణి బాలవాడికి గ్రేడు ఇచ్చిన రోజు

నాగవేణి లెక్కలో లోకం రెండే రకాలు. ఒకటి ఫస్టు, రెండు రిజెక్టు. మధ్యలో సెకండ్సు అని ఇంకొకటి ఉంది గానీ, దాన్ని మొగుడికీ, అత్తకీ, ముఖం మీద అనడానికి మొహమాటం అడ్డొచ్చే మరికొందరికీ ఎక్కువగా వాడేది. సంతలో వంకాయ దగ్గర్నుంచి పెళ్లిలో పెళ్లికొడుకు దాకా ఆమె కంట్లో పడి గ్రేడు లేకుండా తప్పించుకున్నది లేదు. అందుకే ఊళ్లో అందరికీ ఆమె గ్రేడింగ్ నాగవేణి.

ఇది ఆమె తప్పు కాదు, చేసే పని అలాంటిది. హోసూరు దగ్గర తళి చుట్టుపక్కల మిట్టల మీద ప్లాస్టిక్ కప్పిన గులాబీ తోటలున్నాయి, పాలీహౌసులంటారు. తెల్లారకముందు మంచు పడుతున్నప్పుడు లోపల దీపాలు వెలిగితే, మబ్బులు దిగొచ్చి నేల మీద పడుకున్నట్టుంటాయి. పెళ్లికి ముందు నుంచీ నాగవేణి అందులోనే పని చేస్తోంది. మొదట పూలు కోసేది. కన్ను మంచిదని తర్వాత గ్రేడింగు బల్ల దగ్గర నిలబెట్టారు. కాడ నిటారుగా ఉండాలి, మొగ్గ మూసుకుని ఉండాలి, కట్టలో పువ్వులన్నీ ఒకే ఎత్తుండాలి. కొంచెం రేకు విప్పిందా, ఇక ఆ పువ్వు పరదేశానికి విమానం ఎక్కదు. ఎంత అందంగా ఉన్నా బకెట్లోకి పోవాల్సిందే. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని పెద్దలన్నారు. ఈ పువ్వులకు పుట్టినప్పుడూ వాసన లేదు, పోయేటప్పుడూ లేదు. పాపం, పెద్దలు పాలీహౌసు చూసి ఉండరు.

ఇంకో సంగతి ఉంది, అది ఊరికి తెలియదు. నాగవేణి నిద్ర చాలని మనిషి. కోడి కూయకముందే వీధి చివర తోట వ్యాను హారన్ కొడుతుంది. ఆమె పగళ్లన్నీ సగం కలలోనే గడిచిపోయేవి. బస్సులో కూర్చుంటే కిటికీ బయటి కాలీఫ్లవరు తోటలు నీళ్లలో కదిలినట్టు కదిలేవి. ముద్ద కలుపుతుంటే చేతిలోని ముద్ద ఎక్కడికో దూరంగా వెళ్లిపోయేది. కళ్లు మూతపడకుండా ఉండాలంటే దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఎంచుతూ ఉండాలి. ముందు సీటామె జడ సెకండ్సు, కండక్టరు మీసం రిజెక్టు. అలా ఎంచుకుంటూ మేలుకుని ఉండేది. జనం దాన్ని పొగరనుకున్నారు.

ఆమెకు చిత్ర ఒక్కతే కూతురు, నాలుగో ఏడు నడుస్తోంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఈ కాకి తన పిల్లకు సెకండ్సే ఇచ్చింది. ముక్కు కారుతుంది, మాట సరిగా పెగలదు, పిలిస్తే స్తంభం వెనక్కి పోతుంది. రాత్రుళ్లు మాత్రం తల్లి కొంగు పిడికిట్లో పట్టుకుని పడుకుంటుంది. హారన్ వినపడగానే నాగవేణి చీకట్లో ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి, కొంగు లాక్కుని పరిగెత్తాలి. వ్యాను ఎక్కాక ఆ వేళ్లను తలుచుకోకుండా డ్రైవరు చొక్కాకు గ్రేడు ఇచ్చేది.

మొగుడు యతీశ్‌ది హోసూరులో కంపెనీ పని, షిఫ్టు బస్సులో వెళ్లి వస్తాడు. కూతుర్ని ఊళ్లోని సర్కారు బాలవాడి మాన్పించి తళిలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు నర్సరీలో వేయాలని అతని కోరిక.

“మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఇప్పుడే వెయ్యల్ల దాన్ని. వ్యాను ఇంటి ముందరికే వస్తాది” అన్నాడు.

“వంచేదానికి అదేమన్నా ఇనప కమ్మీనా? ఈడ బాగనే ఉండాది కదప్పా” అంది అతని తల్లి అంజినమ్మ, రాగులు చెరుగుతూ.

నాగవేణి ఒక శనివారం వెళ్లి నర్సరీ చూసి వచ్చింది. పిల్లలంతా మెడకు టైలు కట్టుకుని ఎత్తు ప్రకారం వరుసగా కూర్చున్నారు. నోటి మీద వేలు పెట్టమంటే పెట్టారు, తియ్యమంటే తీశారు. ఒక్క కాడ వంకర లేదు. చూస్తుంటే ఆమెకు కన్ను చల్లబడింది. బతుకులో మొదటిసారి బల్ల దగ్గర కాకుండా బయట ఫస్టు గ్రేడు ఇచ్చింది. నాలాగా దీని బతుకు చీకట్లో మొదలు కాకూడదు, ఇది నేరుగా నిలబడాలి అనుకుంది. వచ్చే నెల నుంచి చిత్ర తళి నర్సరీకే అని నిశ్చయం చేసుకుంది.

సరిగ్గా అప్పుడే బాలవాడి టీచరు అక్కమ్మ ఇంటికి వచ్చింది. తలలో కనకాంబరాలు, చేతిలో తాళాల గుత్తి, ఎప్పుడూ కొంచెం ఆయాసం.

“శుక్రవారం సూపర్‌వైజర్ మేడమ్ వస్తా ఉండాది నాగవేణీ. బిడ్డల తల్లుల్లో ఒకరు పొద్దన్నించి ఆడ కూచోని చూసి, సెంటరు ఎట్లుండాదో తల్లుల మీటింగులో మేడమ్ ముందర చెప్పల్లంట. అందురూ నీ పేరే చెప్పినారు. గ్రేడు ఇచ్చేదానికి నీకన్నా ఎవురుండారు?”

“నేను చెప్తే నీకు మంచిది కాదక్కా. ఉండేది ఉన్నట్టే అనేస్తాను. అదీ గాక, చిత్రను వచ్చే నెల తళికి పంపిద్దామని ఉండాము.”

అక్కమ్మ తాళాల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“నీ బిడ్డ పోతే నీ వెనకాల ఇంకా కొందురు పోతారు. అప్పుడు మన సెంటరు తీసి అడివి దారి అవతలూరు సెంటర్లో కలిపేస్తారు. ఏనుగులు తిరిగే దారి, ఆడికి ఎవురు పంపిస్తారు చెప్పు. సరేలే. నీకేం కనిపిస్తే అదే చెప్పు తల్లీ” అని లేచి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ చిత్ర ముక్కు తన కొంగుతోనే తుడిచింది.

శుక్రవారం నాగవేణి తెల్లవారుజామున కోసిన పూల గ్రేడింగు ముగించి, సెలవు చెప్పి, బాలవాడికి వచ్చింది. మంచు ఇంకా విడలేదు. మంచులోంచి ముందు పిల్లల కేకలు వినపడ్డాయి, ఆ తర్వాతే గోడలు కనబడ్డాయి. గోడ మీద ఏనుగు బొమ్మ. అందరూ నిమిరి నిమిరి దాని తొండం చెరిగిపోయింది. రిజెక్టు అనుకుంది నాగవేణి, గుమ్మం దాటకముందే.

లోపల ఒక మూల కూర్చుంది. వరుస లేదు, ఎత్తు లేదు. నీళ్లు పోయని పెద్ద తొట్టిలో ఒక పిల్లాడు కూర్చుని బస్సు తోలుతున్నాడు. వెనక పిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని నిలబడ్డారు. ఒక పిల్ల కన్నడంలో ఏడుపు మొదలుపెడితే, ఇంకో పిల్ల తెలుగులో ఊరడిస్తోంది. చివరికి ఆయా తమిళంలో సత్తుమావు ఉండ, అదే బలం పిండి లడ్డు, ఇస్తానంటే ఏడుపు ఆగింది. కానుగాకులు టిక్కెట్లట. టిక్కెట్లు కొట్టే కండక్టరు ఎవరా అని చూస్తే, చిత్ర!

“రైట్ రైట్! యాడికి పోవల్ల? తళీ తళీ తళీ! లోపల జరుగప్పా!”

ఇంట్లో స్తంభం వెనక దాక్కునే పిల్ల ఇదేనా? నాగవేణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఉక్రోషం వచ్చింది. నా దగ్గర పెగలని నోరు ఇక్కడెలా పెగిలింది? తల్లిని చూసి చిత్ర దగ్గరికి వచ్చి ఒక కానుగాకు చేతిలో పెట్టి, చిల్లర లేదని చెప్పి వెళ్లిపోయింది. అక్కమ్మ వాళ్లను ఆపలేదు, వరుసలో కూర్చోమనలేదు. పైగా తానూ బస్సెక్కి, తమ జిల్లాలోని పోచంపల్లి సంతకు టిక్కెట్టు అడిగింది. ఇదేం టీచరు, ఇదేం బడి అనుకుంది నాగవేణి. గొంతులు తెరిచిన ఇంతమంది పిల్లలను ఏ కట్టలో కడతారు? మేడమ్ రాగానే చెప్పాల్సిన మాట మనసులో సిద్ధం చేసుకుంది.

మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు పెట్టారు. గిన్నెలు కడిగారు. చాపలు పరిచారు. బయట సన్నగా తుంపర మొదలైంది. అక్కమ్మ కిటికీకి నీలం గుడ్డ దించేసరికి గది అంతా చెరువు అడుగున ఉన్నట్టయింది. పిల్లలు ఒక్కొక్కరే ఒరిగారు. అక్కమ్మ ఒక చాప మీద నుంచి ఇంకో చాప మీదికి జరుగుతూ, గొంతు తగ్గించి పాడుతోంది.

“నిద్దరమ్మా రా రా... వాకిలి తీసినాను రా రా... మా పాప కండ్ల మీద కూచుందువు రా రా...”

నాగవేణి కళ్లు మంటెత్తాయి. ఇప్పుడు నిద్రపోతే పరువేం కాను? గబగబా ఎంచడం మొదలుపెట్టింది. కిటికీ సెకండ్సు. చాప రిజెక్టు. పాట... పాటకేం ఇవ్వాలి? తుంపర చప్పుడుకు? నీలం వెలుగుకు ఏ గ్రేడు? గోడకు ఆనించిన తల మెల్లగా జారింది.

కలలో గ్రేడింగు బల్ల గదిలోంచి మొదలై తళి మిట్టలన్నీ దాటి పోయింది. దాని మీద పువ్వులు వస్తున్నాయి, వాటి కాడలు ఆమె చేతికి మెత్తగా తగులుతున్నాయి. చూస్తే అవి కాడలు కావు, చిన్న చిన్న వేళ్లు. రోజూ తెల్లవారకముందు తాను విప్పే వేళ్లే. కట్ట కట్టబోతే ముడి పడదు, బకెట్లో వేయబోతే చేయి వదలదు. అంతలో బల్ల మీద పడుకున్నది తానే. ఎవరో తల దగ్గరా పాదాల దగ్గరా పట్టుకుని ఎత్తి చూస్తున్నారు. నడుం వంగింది, కళ్లు పీక్కుపోయాయి, ఈ కాడ పనికిరాదంటారు, ఇప్పుడు పారేస్తారు అని ఆమె వణికింది. ఎవరూ పారేయలేదు. గుండె మీద ఏదో బరువు పడింది, తేలింది. మళ్లీ పడింది, మళ్లీ తేలింది. ఆ బరువుకు ఆమె ఊపిరి కూడా లయ పట్టుకుంది.

మెలకువ వచ్చాక కూడా ఆ బరువు పోలేదు.

“నిద్దరమ్మా రా రా... మా అమ్మ కండ్ల మీద కూచుందువు రా రా...”

గొంతు చిత్రది. నాగవేణి సగం కన్ను తెరిచింది. తాను చాప మీద ఉంది, పైన చిన్న తువ్వాలు కప్పి ఉంది. అది మోకాళ్ల దాకా కూడా రాలేదు. చాపలన్నీ ఖాళీ. మిగతా పిల్లలు బయట వసారాలో ఉన్నారు. చిత్ర ఒక్కతే పక్కన మఠం వేసుకుని, అరచెయ్యి తల్లి గుండె మీద వేసి జోకొడుతోంది. కొట్టి, కాస్త ఆగి, ముఖంలోకి వంగి నిద్ర చెడిందేమో చూసి, మళ్లీ కొడుతోంది. గుమ్మంలో తడిసిన గొడుగుతో సూపర్‌వైజర్ మేడమ్ నిలబడి ఉంది. ఆమె వెనక అక్కమ్మ, ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“ఏమమ్మా ఇది? చూడమని కూచోబెడితే ఈమె నిద్దరపోతా ఉండాదే!” అంది మేడమ్.

చిత్ర పెదవుల మీద వేలు పెట్టింది.

“మెల్లగ మేడమ్. మా అమ్మ పాపం, ఇప్పుడే పనుకొనింది.”

నాగవేణి లేవాలి. సిగ్గుతో చచ్చిపోవాలి. కానీ లేవలేదు. ఈ బిడ్డను తాను ఒక్కనాడూ జోకొట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. పసితనంలో అత్త చీర ఉయ్యాల కట్టి కాలితో ఊపేది. తర్వాత తాను అలిసి పడుకుంటే, పిల్ల కొంగు పట్టుకుని తనంతట తానే నిద్రపోయేది. తాను నేర్పని పని ఈ చేతికి ఎలా వచ్చింది? ఎవరో రోజూ ఈ చిన్న గుండె మీద చెయ్యి వేసి, ఇలాగే ఆగి, ఇలాగే వంగి చూసి ఉండాలి. ఒక్కరోజైతే రాదు. ఆమెకు సంతోషం వేసింది. అసూయ కూడా వేసింది. రెండూ కలిసి కళ్లలోంచి చెవుల్లోకి కారాయి.

మేడమ్ గొడుగు గోడకు ఆనించి, చప్పుడు కాకుండా చాప అంచున కూర్చుంది.

“ఏం చూసినావమ్మా?” అంది, ఈసారి గొంతు తగ్గించి.

నాగవేణి పడుకునే చెప్పింది.

“నేను సగమే చూసినాను మేడమ్. దానికి రిజెక్టు అందామనుకొన్యాను. మిగతా సగం నిద్దరపోయినాను. పొద్దున చీకట్లో నేను దాని చెయ్యి ఇడిపించుకొని పోతాను. ఈడ దానికి ఎవురో చెయ్యి అందించినారు. నా బిడ్డను ఈడనించి తియ్యను, ఎవురినీ తియ్యనియ్యను. గ్రేడు మీరే రాసుకోండి.”

అక్కమ్మ తాళాల గుత్తితో సహా గుమ్మంలోనే కూలబడింది. చిత్రకు ఇదేమీ పట్టలేదు. మాట్లాడినందుకు తల్లిని కసిరి, తువ్వాలు సర్ది, పాట మొదటికి తీసుకుంది.

మీటింగుకు వచ్చిన తల్లులంతా ఆ రోజు వసారాలోనే, తుంపరలో చెప్పులు తడుపుకుంటూ కాచుకున్నారు. పాప చెయ్యి తానుగా ఆగేదాకా నాగవేణి లేవలేదు.