షెల్బియా చెవి

ట్యూనిస్ దగ్గరి కోర్బా ఊళ్లో టమాటా ముద్దను డబ్బాలకెత్తే కార్ఖానాలో షెల్బియాకి అది ముప్పై ఒకటో వేసవి. తట్టుడు బల్ల ఆమెది. మూత బిగించి చల్లార్చిన డబ్బాలు వరుసగా వస్తుంటే చిన్న ఇనప కమ్మీతో ఒక్కొక్కదాని నెత్తిన టక్కున తడుతుంది. మంచి డబ్బా ఖంగుమంటుంది. గాలి చొరబడ్డది దబ్బుమంటుంది. దబ్బుమన్నదాన్ని తీసి పక్కన పెడుతుంది. ఇంతేనా అనేవాళ్ళు వచ్చి ఒక పూట నిలబడి చూడాలి. మధ్యాహ్నానికల్లా అన్నీ ఒకేలా వినబడతాయి.

ఆ ఏడు పైదేశం బేరగాళ్ళు కొత్త మెలిక పెట్టారు. బల్ల దగ్గర నిలబడే ప్రతివాళ్ళూ ఫోనులో పాఠాలు చూసి, పరీక్ష గట్టెక్కాలట. ఇరవైకి పదహారు రావాలి. మూడుసార్లే అవకాశం. తప్పినవాళ్ళు బల్ల వదిలి, ఎండలో టమాటాలు కడిగే తొట్ల దగ్గరికి పోవాల్సిందే.

షెల్బియా బడి మొహం చూసింది రెండేళ్ళే. మొదటిసారి ఏడు వచ్చాయి, రెండోసారి ఆరు.

"చదివేకొద్దీ తరుగుతున్నాయేంటి ఖాల్తీ?" అంది పక్కన నిలబడే దలీలా. ఆ కార్ఖానాలో షెల్బియా అందరికీ ఖాల్తీయే, అంటే పిన్ని.

"నీకు ఇరవైకి ఇరవై వచ్చాయిగా తల్లీ! పొద్దుట్నించీ నువ్వు వదిలేసిన చెడ్డ డబ్బాలు నాలుగు, ఇవిగో. పట్టుకెళ్ళి మీ అత్తకి వండిపెట్టు."

బల్లంతా గొల్లున నవ్వింది. నేర్పడానికి రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చిన సిరీన్ అనే అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆ నాలుగింటినీ మంచివాటిలో కలిపి అందరి ముందూ పెట్టింది. పరీక్ష దాటినవాళ్ళలో ఒక్కరూ నాలుగూ పట్టలేకపోయారు. అప్పుడు షెల్బియాని గోడవైపు తిరగమని తనే తట్టింది.

"రెండోది. ఐదోది. ఇది... మళ్ళీ తట్టమ్మా. ఊఁ, ఇదీ. ఆ చివరిదీ."

తాతకు దగ్గులు నేర్పబోయానని ఒప్పుకోవడం చదువుకున్నవాళ్ళకి అంత తేలిక కాదు. సిరీన్ ఒప్పుకుంది. "ఖాల్తీ, మీరు వీళ్ళకి చెవి ఇవ్వండి. వీళ్ళు మీకు అక్షరం ఇస్తారు," అంది.

మర్నాటి నుంచి రొట్టె తినే వేళే పాఠం. దలీలా ఫోనులో ప్రశ్న చదివేది. షెల్బియా జవాబు చెప్పి ఊరుకోకుండా, అది ఎందుకలాగో డబ్బా చేతికిచ్చి మరీ చూపించేది. సాయంత్రం ఇంటి నుంచి అందరి ఫోన్లకూ శబ్దాలు పంపేది. మూడు తట్లు, ఏది చెడ్డదో చెప్పండే అని. పొయ్యి మీద కుస్కుస్ ఉడుకుతుంటే ఆడవాళ్ళంతా ఫోను చెవికి ఆనించుకుని కూర్చునేవాళ్ళు.

"నా మాట ఏనాడైనా ఇంత శ్రద్ధగా విన్నావా?" అని దెప్పాడట దలీలా మొగుడు.

"ఖంగుమనే మాట ఒక్కటి చెప్పు, వింటా," అందట ఆవిడ.

ఆఖరి పరీక్ష రోజున ప్రశ్నలు దలీలా పైకి చదవొచ్చని సిరీన్ అనుమతి తెచ్చింది. మేనేజరు సి లాసాద్, అంటే లాసాద్ గారు, ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. పదహారు ప్రశ్నలయ్యేసరికి నాలుగు పోయాయి. ఇంకొక్కటి పోతే తొట్టే గతి.

"మూత చదునుగా ఉంటే డబ్బా మంచిదే. అవునా, కాదా?"

"కాదు."

దలీలా గొంతు తగ్గించింది. "పాఠంలో అవుననే ఉంది ఖాల్తీ. నీకు దణ్ణం పెడతా, అవునను."

"పాఠం రాసినవాడు డబ్బా తట్టి ఎరగడు. కాదనే నొక్కు."

నొక్కింది. ఎర్ర గుర్తు పడింది. సి లాసాద్ నిట్టూర్చి లేవబోయాడు.

"కూర్చో నాయనా," అంది షెల్బియా. పక్కన పెట్టిన డబ్బాల్లోంచి ఒకటి తెచ్చింది. మూత అద్దంలా చదునుగా ఉంది. బల్ల అంచుకేసి ఒక్క దెబ్బ కొట్టింది. టప్పున మూత కప్పలా ఉబ్బింది. "ఇది చదునుదే. మీ పిల్లలకి పెడతావా?"

ఆయన ఆ మూతని వేలితో లోపలికి నొక్కాడు. మళ్ళీ ఉబ్బింది. సిరీన్ వైపు తిరిగి, "ఆ జవాబు మార్పించండి. ఈవిడకి ఆ మార్కు వేయండి," అన్నాడు.

మిగతా మూడు ప్రశ్నలకీ షెల్బియా తడుముకోలేదు. పదహారు వచ్చాయి. దిద్దిన కొత్త పాఠం వీడియోలో మూత మీద తట్టే చెయ్యి ఆమెదే. మొహం చూపిస్తామన్నారు గానీ ఆమె వద్దంది, పని చేసేది చెయ్యే కదా అని.