కార్తీకపు వానలో అమ్మ కోడిగుడ్లు

మా మేడ మీద వాటాలో అద్దెకున్న అమ్మాయి మొన్న ఫోనులో చూసి ఒక పెట్టె తెప్పించుకుంది. కోడిగుడ్లు పొదిగే పెట్టెట, మూత మీద వేడి ఎంతో, తేమ ఎంతో ఎర్రటి అంకెల్లో కనబడుతూ ఉంటుంది. చూద్దురుగాని రండి ఆంటీ అని పిలిస్తే మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాను. బయట కార్తీకపు వాన దంచి కొడుతోంది. నేను వెళ్లిన కాసేపటికే ఆ పెట్టె కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. లోపల తేమ ఎక్కువైందని అరుస్తోందంటూ ఆ పిల్ల మూత తీసి, అడుగున నీళ్ల గిన్నె బయట పెట్టేసింది, పెట్టె నోరు మూసుకుంది. అంతే, అంత చిన్న పని. నేను ఏదో వంక చెప్పి కిందికొచ్చి వంటింట్లో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఏడుపు కాదండీ, కోపం. ఇన్నేళ్ల కోపం.

నా వయసు వాళ్లకి, అందులోనూ గవర్నమెంటు ఉద్యోగస్తుల ఇళ్లలో కాపురం చేసినవాళ్లకి, ఆ బదిలీల కాలం గురించి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మావారిది యానాంలో గుమాస్తా ఉద్యోగం. యానాం వాళ్లకి పెద్ద ఆఫీసులన్నీ పాండిచ్చేరిలోనే కాబట్టి, ఎప్పుడో ఒకప్పుడు కాగితం రావడం, ట్రంకు పెట్టెలు కట్టుకుని, కాకినాడలో రైలెక్కి మద్రాసులో దిగి, బస్సు పట్టుకుని ఈ పాండిచ్చేరికొచ్చి పడటం, నాలుగు అరవం ముక్కలు నోటికి పట్టేసరికి మళ్లీ వెనక్కి పొమ్మనడం, ఇదే మా బతుకు. ఇక్కడ నెల్లితోపులో అద్దె ఇల్లు, ముందు ఒక గది, వెనక ఒక గది, మధ్యలో గాలాడని వంటిల్లు. మా అత్తగారు కూడా మాతోనే వచ్చారు. నాకప్పటికి పెళ్లయి చాలా ఏళ్లయినా కడుపు పండలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మరిచిపోనిచ్చేవాళ్లు కాదు.

మా అమ్మ కోళ్ల మనిషి. యానాం అవతల మా పుట్టింట్లో ఆవిడ పెంచిన కోళ్లు ఆవిడకి వాళ్లమ్మ ఇచ్చినవాటి సంతానం, వాళ్లమ్మకి ఎవరిచ్చారో నాకు తెలియదు. నలుపు మీద గోధుమరంగు చుక్కలు, మెడ దగ్గర బూడిద రంగు. పిల్లలు పుట్టగానే వీపు మీద ఒక్కటే చార, బొట్టుపుల్లతో గీసినట్టు ఉండేది. ఆ చార చూసి ఊళ్లో ఎవరైనా, ఇది ఫలానావారి పిల్ల అని చెప్పగలిగేవారు. అమ్మ వాటిని అమ్మేది కాదు, పందేల వాళ్లొచ్చి బతిమాలినా పుంజుని ఇచ్చేది కాదు, తల్లి పెట్టలకి పేర్లు పెట్టుకుని, వాటితో మాట్లాడుకుంటూ, వాటి మీద విసుక్కుంటూ, మాతో గడిపిన దానికన్నా ఎక్కువ పొద్దు వాటితోనే గడిపేది. చిన్నప్పుడు నాకు వాటి మీద అసూయగా ఉండేదంటే మీరు నవ్వకండి.

మేం ఇక్కడికొచ్చిన ఏడు దసరా వెళ్లగానే అమ్మ పోయింది. కార్యాలు అయ్యాక పెరట్లోకి వెళ్తే గంపలన్నీ బోర్లించి ఉన్నాయి. ఎవరు చూస్తారని మా అన్నయ్య కోళ్లని గుత్తగా అమ్మేశాడు, మిగిలినవి కార్యాలకి వచ్చిన చుట్టాల కడుపుల్లోకి వెళ్లాయి. అన్నయ్యని తిట్టి ఏం లాభం, ఆయనకి కోళ్లంటే కూరే. వంటింటి అటక మీద, ఊకపోసిన కుండలో అమ్మ చివరగా దాచిన గుడ్లు మాత్రం ఉన్నాయి, ఓ డజను ఉంటాయేమో. అవి నా వాటా అన్నాను. మా వదిన తలుపు చాటుకెళ్లి నవ్వింది. నవ్వితే నవ్వనీ. అవి పొదిగితే అమ్మ కోళ్లు ఉంటాయి, పొదగకపోతే ఈ భూమ్మీద ఇక ఉండవు, నాకు తెలిసింది అంతే. ఊకతో సహా ఆ కుండని రైల్లో ఒళ్లో పెట్టుకుని పాండిచ్చేరి దాకా తెచ్చాను, పక్కవాళ్లు తగిలితే కసిరాను.

తీరా తెస్తే పొదగటానికి పెట్ట ఏదీ? అప్పుడు మావారికి హుషారొచ్చింది. తట్టాంచావడిలో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్న స్నేహితుడొకాయన ఎండాకాలంలో చెక్కపెట్టెలో బల్బు వేలాడదీసి కోడిగుడ్లు పొదిగించాడట, ఆ పెట్టె ఖాళీగానే ఉందట, తెచ్చేశారు. ముందు గదిలో బీరువా పక్కన పెట్టారు. లోపల బల్బు, వేడి చూసే గాజుగొట్టం, అడుగున రెండు సత్తు పళ్లాల్లో నీళ్లు. తేమ లేకపోతే గుడ్డు లోపలి పొర అట్టకట్టి పిల్ల బయటికి రాలేదని, పళ్లెం ఎండకూడదని ఆ స్నేహితుడు చెప్పాడట. అరవవాళ్ల చిత్రై నెల మండుటెండలో ఆయన పొదిగాడు కాబట్టి ఆయన చెప్పింది ఆయనకి నిజమే. మావారు మాత్రం దాన్ని వేదంలా పట్టుకుని, ఆఫీసు నుంచి రాగానే చొక్కా కూడా విప్పకుండా పళ్లాలు అంచుదాకా నింపేవారు.

మా అత్తగారు దానికి వంత పాడారు. యానాంలో కార్తీకం వచ్చిందంటే వానలు వెళ్లిపోతాయి, పొడి చలిగాలి మొదలవుతుంది, పొదుగు మీదున్న పెట్ట కింది ఇసకలో అప్పుడప్పుడు నీళ్లు చిలకరించాలి. అది అక్కడి పద్ధతి, తరతరాలుగా చేసిందే. ఆవిడ ఆ పద్ధతిని ట్రంకు పెట్టెలో చీరలతో పాటు మడతపెట్టి తెచ్చుకున్నారు. పొద్దున్నే లేచి, తడిచేత్తో గుడ్ల మీద నీళ్లు చిలకరించేవారు. ఈ ఊళ్లో కార్తీకం అంటే వానలు పోయే నెల కాదు, అసలు వాన మొదలయ్యే నెల. ఆ ఏడు పట్టిన ముసురు వదల్లేదు. గోడలు చెమర్చాయి, ఉప్పు జాడీ నీరుకారింది, అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు. అయినా ఆవిడకి మాత్రం అది వాన కాదు.

"కార్తీకంలో వానేంటే? ఇది తుపాను. రెండ్రోజుల్లో తీరం దాటేత్తాది, ఆనక చూడు గాలి ఎలా ఎండిపోద్దో. నువ్వు నీళ్లు తగ్గించకు."

వారం గడిచినా అదే మాట. రోజుకొక తుపాను తీరం దాటుతూనే ఉంది మా ఇంట్లో. మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఎన్ని తరాలుగానో ఈ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు, భర్త మిల్లులో పనిచేసేవాడు. ఆమె తెలుగు సగం అరవం, తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేదు, మనిషి మాత్రం బంగారం. ఒకరోజు చెంబుతో పాలు ఇవ్వటానికొచ్చి పెట్టెలోకి చూసి, "ఏంది పాపా, ఇల్లంతా ఈరంగా ఉండాది, గోడలు చూడు యాడ చూసినా నీళ్లే, మళ్లా ఇంట్లో ఇన్ని నీళ్లు ఏందికి? ఇది అడమళ, కార్తిగై పోయేదాకా ఇంతే" అని నవ్వుతూ వెళ్లిపోయింది. అడమళ అంటే ఆగకుండా కురిసే ముసురు. మా అత్తగారు మూతి తిప్పుకుని, వీళ్లకి తుపానుకీ వానకీ తేడా తెలీదు అన్నారు.

నాకూ అనుమానం మొదలైంది ఆ గుడ్లని చేత్తో పట్టుకున్నప్పుడే. అమ్మ గుడ్డుని అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకునేది. పొదుగు మీద రోజులు గడిచేకొద్దీ గుడ్డు తేలికవ్వాలి, లోపలి నీరు కాస్త కాస్త ఆవిరవ్వాలి, మొద్దువైపు గాలి గూడు పెద్దదవ్వాలి, పిల్ల మొదటి ఊపిరి ఆ గూట్లోనే తీసుకుంటుందనేది. ఇవి పెట్టిన రోజు ఎంత బరువున్నాయో, చివరి వారంలోనూ అంతే బరువున్నాయి. తలుపులు వేసి, టార్చిలైటు మీద పెట్టి చూస్తే గాలి గూడు నా చిటికెన వేలి గోరంత ఉంది. నోరు విడిచి చెప్పాను. నీళ్లు తీసేద్దామండీ, గుడ్లు ఆరడం లేదు, పిల్లలు మునిగిపోతాయి అన్నాను. మావారు నవ్వి, గుడ్లోపల మునగడానికి అదేమైనా గోదావరా అన్నారు. వాళ్లమ్మ నవ్వారు. ఒక మధ్యాహ్నం నేనే పళ్లాలు తీసి పెరట్లో ఒంపేశాను. సాయంత్రం ఇద్దరూ కలిసి నానా మాటలూ అని, మళ్లీ అంచుదాకా నింపి, ఆ గదిలోకి నన్ను ఒంటరిగా వెళ్లొద్దన్నారు. అమ్మ గుడ్లండీ అవి! నా ఒళ్లో వచ్చిన గుడ్లు!

చివరికి లోపల్నుంచి చప్పుడు వినబడింది. చెవి ఆనిస్తే గోటితో గీకినట్టు సన్నగా టిక్ టిక్ మని. ఆ పూట నేను అన్నం తినలేదు, సంతోషంతో. రెండు గుడ్ల మీద చిన్న బీట కూడా కనబడింది, బీటలోంచి నీరు ఊరింది. తర్వాత ఒక్కో గుడ్డులో చప్పుడు ఆగిపోతూ వచ్చింది. మర్నాడు పొద్దున్నకి పెట్టె నిండా నిశ్శబ్దం. ఇంకా చూద్దాం, ఇంకా చూద్దాం అంటూ ఇంకో రోజు లాగారు, ఆఖరికి నేనే ఒకటి చిదిమాను. పూర్తిగా తయారైన పిల్ల, ముక్కు, గోళ్లు, అన్నీ ఉన్నాయి. నీళ్లలో నానిన గుడ్డముక్కలా ఉంది. వీపు మీద అమ్మ కోళ్ల చార. అన్నిట్లోనూ అంతే, ఒక్కటి కూడా మిగల్లేదు.

నేను నేల మీద కూర్చుని ఆ తడి పిల్లల్ని కొంగుతో తుడుస్తుంటే, వాన తెరిపివ్వడంతో వాకిట్లోకొచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమ్మంలో మూగారు. వాళ్లందరి ఎదుటా మా అత్తగారు అన్న మాట ఇది.

"గొడ్డు చెయ్యి తగిలాక గుడ్డేం పొదుగుద్దే? నేను ముందే అనుకున్నాను."

చాలామందికి తెలుగు రాదు, అయినా ఆ గొంతు అర్థం కావటానికి భాష ఎందుకు? పక్కింటి అక్క ఒక్కతే చరచరా లోపలికొచ్చి, "ఏంది పెద్దమ్మా, అమ్మను పోగొట్టుకున్న బిడ్డను పట్టుకుని అనే మాటేనా ఇది?" అని నన్ను రెక్కపట్టి లేపి, వాళ్లింటికి తీసుకుపోయి కాఫీ ఇచ్చింది. మావారు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. పళ్లాల్లో నీళ్లు పోసిన మనిషి.

ఆ మాట అక్కడితో పోలేదు, మా చుట్టాలందరి ఇళ్లకీ మాకన్నా ముందే ప్రయాణం చేసింది. ఆవకాయ కలిపేటప్పుడు నన్ను పక్కకి పొమ్మనేవారు, పాలు తోడు పెట్టనిచ్చేవారు కాదు, యానాం బదిలీ అయి వెళ్తే మా ఆడపడుచు సీమంతంలో గాజుల పళ్లెం నా ముందు నుంచి దాటించి పక్కావిడకి అందించారు. ఆ పళ్లెం దాటిపోవడం నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. ఆ తర్వాత చాలా ఏళ్లకి నాకు కొడుకు పుట్టాడు. అప్పుడైనా ఆ మాట వెనక్కి తీసుకున్నారా అంటే లేదు, అది ఆవిడ మొక్కు ఫలం అన్నారు. పిల్లాడు ఆవిడ మొక్కు, చచ్చిన కోడిపిల్లలు నా చెయ్యి. ఇదీ న్యాయం!

అసలు సంగతి మా అత్తగారు పోయిన తర్వాత తెలిసింది. అప్పటికి మళ్లీ పాండిచ్చేరికే వచ్చి స్థిరపడ్డాం. ఒక ఆదివారం మావారి ఆఫీసువాళ్లు భోజనానికొచ్చారు, మాటల్లో కోళ్ల ప్రస్తావన వచ్చింది. ఆయన నవ్వుతూ మొదలుపెట్టారు, మేం యానాం ఋతువులు పట్టుకుని పాండిచ్చేరిలో గుడ్లు పొదిగామండీ, అడమళలో పళ్లాలకొద్దీ నీళ్లు పోసి పిల్లలన్నిటినీ ముంచేశాం, మర్నాడే ఆఫీసులో వ్యవసాయం వాళ్లు చెప్పారు, వానాకాలంలో నీళ్లే అక్కర్లేదట అని. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను చారు గిన్నె పట్టుకుని నిలబడిపోయాను. మర్నాడేనట.

వాళ్లు వెళ్లాక అడిగాను, మర్నాడే తెలిస్తే మరి ఎందుకు చెప్పలేదండీ అని. ఆయన తలైనా ఎత్తకుండా, ఎంతో మామూలుగా, "అమ్మ బాధపడుతుందని" అన్నారు. నేను బాధపడుతున్నానో లేదో ఆయనకి తట్టనే లేదు. మంచి మనిషే, చెడ్డవాడని చెప్పను, తాగలేదు, కొట్టలేదు, జీతం తెచ్చి చేతిలో పెట్టారు. మా తరం ఆడవాళ్లం దాన్నే నెత్తిన పెట్టుకుని మురిశాం. ఆ రోజు నుంచి ఆయన పోయేదాకా మాత్రం, వడ్డించేటప్పుడు నా చెయ్యి ఇంతకు ముందులా లేదు, ఆయన గమనించారో లేదో.

ఇప్పుడు యానాం వెళ్లినప్పుడల్లా పెరళ్లలోకి తొంగిచూస్తాను, వీపు మీద ఆ చార ఉన్న పిల్ల ఎక్కడైనా మిగిలిందేమోనని. అన్నీ ఒకే రంగు తెల్లకోళ్లు, లేకపోతే పందేల పుంజులు. కాలం మారింది, బాగానే మారింది. మా కోడలు ఎవరు మాటంటే వాళ్లని అక్కడే నిలబెట్టి అడుగుతుంది, మా అబ్బాయి దాని పక్కన నిలబడి అవునంటాడు. చూస్తే సంతోషంగానూ ఉంటుంది, ఆ గాజుల పళ్లెమూ గుర్తొస్తుంది. ఈ కథ విన్నవాళ్లందరూ, కోడలు, మనవరాలు, చుట్టాల పిల్లలు, మీ తప్పేం లేదు కదా అని నా చెయ్యి పట్టుకుని చెప్తారు. ఆ మాట చెప్పాల్సిన వాళ్లు ఇద్దరే ఇద్దరు, ఇద్దరూ చెప్పకుండానే వెళ్లిపోయారు.