అక్క పన్నుకు మేస్త్రి పెట్టిన వంకలు

పింగాణీ పళ్ళు చేయడంలో తనను మించినవాడు ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. రెండు మెట్లు దిగితే ఇరుకు గది, అందులో ఒక కొలిమి, బల్ల మీద దీపం, నుదుటికి కట్టుకునే భూతద్దం. డాక్టర్లు నోటి అచ్చులు పంపితే ఆయన పళ్ళు చేసి పంపుతాడు. పంపేముందు ప్రతి పన్నుకీ తానే ఏదో ఒక వంక పెడతాడు గనుక వెనకాల అందరూ వంకల మేస్త్రి అంటారు. ఆ మాట చెవిన పడితే సిగ్గుపడాల్సింది పోయి మురిసిపోయాడు, మహానుభావుడు!

అలాంటివాడి చేతిలో సొంత అక్క ముందుపన్ను పడింది. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు, రోజంతా వాళ్ళ ముందు నోరు తెరిచి పాటలు పాడించాలి. మెట్ల మీద జారిపడి పన్ను పోగొట్టుకుంది. డాక్టరమ్మ దవడ ఎముకలో స్క్రూ దించింది. నాలుగు నెలల్లో ఎముక దాన్ని గట్టిగా పట్టుకుంది. ఇక స్క్రూ మీద అబట్‌మెంట్ బిగించాలి. అంటే చిగురులోంచి బయటికి వచ్చే చిన్న లోహపు దిమ్మ, దాని మీదే పన్ను తొడుగుతారు.

"ఒక్కసారి బిగించేసి ఇక కదపను మేస్త్రిగారూ. దాని మీదే కొలత తీసి పంపిస్తాను" అంది డాక్టరమ్మ.

"కొలతలు చూసి పళ్ళు చేసేవాళ్ళు వేరే ఉన్నారమ్మా. నాకు ఆ దిమ్మే బల్ల మీదికి రావాలి."

ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. తెలిసి తెలిసీ డాక్టరమ్మ తల ఊపింది. ఆవిడనూ మెచ్చుకోవడానికేం లేదు.

మొదటిసారి నోట్లో తొడిగి చూస్తే పన్ను కాస్త పసుపు తిరిగిందన్నాడు. దిమ్మతో సహా విప్పి పంపారు. రెండోసారి అంచు మందమన్నాడు. మూడోసారి పక్కపన్నుతో వెంట్రుకంత సందుందట. నాలుగోసారి కిటికీ వెలుతురులో పన్ను మొదలు నచ్చలేదట. అయిదోసారి ఎందుకో ఆయనకే తెలియాలి. విప్పినప్పుడల్లా అక్క చిగురులోంచి నెత్తురు కారేది.

"నొప్పిగా ఉందిరా తమ్ముడూ" అని ఆవిడ ఫోన్ చేస్తే, "అందం ఊరికే వస్తుందా అక్కా? కాస్త ఓర్చుకో" అనేవాడు. ఓర్చుకోవాల్సింది ఆయన చిగురైతే తెలిసేది.

ఆరోసారి విప్పమన్నప్పుడు డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, అది పట్టుకుని తానే ఆ గదిలోకి దిగింది.

"చిగురు ఆ దిమ్మ చుట్టూ అతుక్కుని, నోట్లో మురికి ఎముకదాకా పోకుండా కాస్తుంది. మనం విప్పిన ప్రతిసారీ ఆ అతుకు చిరుగుతోంది. మళ్ళీ అతుక్కోవడానికి చిగురు ఇంకాస్త ఎముకవైపు జరుగుతోంది, దాంతోపాటే ఎముకా తగ్గుతోంది. అందరికీ ఇంతలా తగ్గదు. మీ అక్కగారి చిగురు మరీ పల్చన. చూడండి, మొదట ఎముక ఇక్కడుంది. ఇప్పుడు ఇక్కడ."

మేస్త్రి భూతద్దం దించుకుని చాలాసేపు చూశాడు.

"ఫిల్మ్ సరిగ్గా రాలేదేమోనమ్మా" అన్నాడు.

ఎక్స్‌రేకి కూడా వంకే! ఛీ!

డాక్టరమ్మ వెనకే వచ్చిన అక్క ముందుకు జరిగి, వేలితో పైపెదవి ఎత్తి చూపించింది. చిగురు పైకి జరిగిపోయి, పన్ను మొదట్లో లోహం బూడిదరంగులో బయటపడింది.

"నాకు పన్ను కావాలన్నానురా. నీ గొప్ప కావాలని ఎప్పుడైనా అడిగానా?"

మేస్త్రి డాక్టరమ్మ వైపు తిరిగి, "ఇక విప్పకండి" అని గొణిగాడు. మొదటి రోజు ఆవిడ చెప్పిన ముక్కే!

తరువాత ఎవరూ దాన్ని కదపలేదు. ఎముక తగ్గడం ఆగింది గానీ పోయిన చిగురు తిరిగి రాలేదు. రంగు మాత్రం అద్భుతంగా కుదిరిందని తోటి పనివాళ్ళు పొగిడారు. ఆ పొగడ్తలు మోసుకుంటూ ఒకరోజు అక్క ఇంటికి పోయాడు, బుద్ధి ఎక్కడికి పోతుంది!

"ఏదీ, ఒక్కసారి నవ్వవే అక్కా."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

"పాట పాడించేటప్పుడు రెండు చేతులతో చప్పట్లు కొట్టేదాన్ని కదరా. ఇప్పుడు చప్పట్లెందుకు కొట్టట్లేదు టీచర్ అని పిల్లలు అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"