గేటు దగ్గర నిలబడిన కరుణ

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. శవాల గది పక్క వార్డులోనే నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఏ నీడా నన్ను పలకరించలేదు. ఇప్పుడు నరసరావుపేటలో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇది జరిగింది పట్టపగలు, నా కళ్ళెదుట.

డెంటల్, ఫార్మసీ, నర్సింగ్ విద్యార్థులు రేపు ఆసుపత్రిలో ఎలాగూ కలిసి పనిచేయాలి కాబట్టి ఇప్పటినుంచే జట్టుగా అలవాటు పడాలని మా మేనేజ్‌మెంట్ ఒక శిక్షణ పెట్టింది. మంచి ఆలోచనే. ముప్పాళ్ళ దగ్గర ఒక ఊరి స్కూల్లో పళ్ళ క్యాంపు. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో పని. మా కరుణ పని ఏమిటంటే, పన్ను తీసేముందు పేషెంటు ఏం మందులు వాడుతున్నాడో అడిగి, డెంటల్ అబ్బాయికి వినపడేలా పైకి చెప్పడం. అది వినకుండా అతను పన్ను ముట్టుకోకూడదు.

కరుణది గురజాల వైపు. అమ్మానాన్నలిద్దరూ కూలి పనికి వెళ్తారు. ఈ పిల్ల చదువు ముగించి ఉద్యోగంలో చేరితేనే ఆ ఇల్లు తేరుకుంటుంది.

క్యాంపు మొదలైన కాసేపటికే ముఖ్య అతిథి వస్తున్నాడని హడావిడి. బొకేలు పట్టుకుని వరసగా నిలబడాలంటే మావాళ్ళకు ఎప్పుడూ నర్సింగ్ ఆడపిల్లలే కనిపిస్తారు. డెంటల్ వాళ్ళను అడగరు, వాళ్ళు డాక్టర్లు కదా. జట్టూ లేదు గిట్టూ లేదు, కరుణను గేటు దగ్గరికి పంపారు. వద్దని ఇన్‌ఛార్జి సార్‌తో పోట్లాడాను. కాసేపట్లో వచ్చేస్తుందిలెండి అన్నాడాయన.

నేను వరండాలో ఉన్నాను. ఒక పక్క గేటు, ఇంకో పక్క కిటికీలోంచి గది కనిపిస్తున్నాయి. గేటు దగ్గర కరుణకు గులాబీ ముల్లు గుచ్చుకుంది. వేలికి తెల్లగుడ్డ చుట్టుకోవడం చూశాను. అప్పుడే లోపల, కిటికీ వైపు వీపు పెట్టి కుర్చీలో కూర్చున్న కోటయ్య అనే పెద్దాయన పక్కకు తిరిగాడు.

"ఏసుకుంటన్నా తల్లీ. పొద్దున గూడా ఏసుకున్నా."

ఆయన చూస్తున్న వైపు గోడ తప్ప ఏమీ లేదు. మందుల సంగతి అడగాల్సిన పిల్లేమో ఇంకా గేటు దగ్గరే ఉంది. లోపలికి పరుగెత్తేసరికి పన్ను తీసేశారు. ఆయనకు గుండెలో వాల్వు మార్చారట, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు. నెత్తురు ఆగలేదు. అంబులెన్సులో నరసరావుపేట తీసుకెళ్తే చావు తప్పింది.

విచారణ పెట్టారు. పెద్దాయన ఎవరికో జవాబు చెబుతుంటే సిస్టర్ అడుగుతోందనుకున్నాననీ, ఆమె ఏమీ చెప్పలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాననీ డెంటల్ అబ్బాయి అన్నాడు. కోటయ్యను పిలిపించారు. పాపం, ఆయన మంచి చేద్దామనే వచ్చాడు. కరుణను చూడగానే గుర్తుపట్టాడు.

"మందుల సంగతి నన్నడిగింది ఈ పిల్లొక్కతే సారూ. మిగతావోళ్ళు నోరు తెరవమన్నారు, అంతే. వేలికి తెల్లగుడ్డ గూడా చుట్టుకోనుంది."

ఆ మాటే కరుణ కొంప ముంచింది. అడిగి కూడా చెప్పలేదని తేల్చారు. ఆ పిల్ల గేటు దగ్గర ఉందని, నేను కళ్ళారా చూశానని మొత్తుకున్నాను. మరి పెద్దాయన ఎవరికి జవాబు చెప్పాడు మేడమ్ అని అడిగారు. గేటుకు పంపిన సార్ నోరు మెదపలేదు. కరుణకు ఏడాది పోయింది. డెంటల్ అబ్బాయి చదువు ముగించి క్లినిక్ పెట్టుకున్నాడు. శిక్షణ బ్రహ్మాండంగా జరిగిందని మిగతా అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. నాకూ ఒకటి ఇచ్చారు, నేను తీసుకోలేదు.

ముల్లు గుచ్చుకుంది గేటు దగ్గర. ఆ గుడ్డను గదిలో కూర్చున్న మనిషి ఎలా చూశాడో ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెగలేదు.

హాస్టల్ ఖాళీ చేసి ఊరికి వెళ్ళే రోజు కరుణ నా గదికి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మేడమ్, నేను గేటు దగ్గరే ఉన్నా గదా?"

ఉన్నావమ్మా, నేను చూశానుగా అన్నాను.

"తాత నాతో మాట్లాడినట్టు నాకు గూడా గుర్తుంది మేడమ్. ఆ డాక్టరుకి చెప్పినట్టు గూడా గుర్తే. ఆయన తల తిప్పలా."

అతను తల తిప్పకపోవడం వరకూ నాకు అర్థమవుతుంది. మిగతాదే ఇప్పటికీ అంతుపట్టలేదు.