ఆ ఫోల్డర్‌లోకి దిగొద్దు

ఆఫీసు పాత సర్వర్‌లో జాగా చేయమన్నారు. ప్రతి ఫోల్డర్‌లోకీ, దాని లోపలి ఫోల్డర్లలోకీ దిగి పాత ఫైళ్లు చెరిపే ప్రోగ్రామ్ రాశాను. చెరిపే ముందు ఫైళ్ల పేర్లు మాత్రం చూపించమని దానికి చెప్పాను. న్యూ ఫోల్డర్‌లో న్యూ ఫోల్డర్, అందులో ఇంకొకటి. అట్టడుగున ఒక ఫోటో. తెరిచి చూశాను. నేను చేరకముందటి టీమ్ అంతా ఒకే బల్ల చుట్టూ టిఫిన్ డబ్బాలు పంచుకుంటోంది. మధ్యలో మా మేనేజర్ మల్లేశ్ గారు, ఒత్తైన జుట్టుతో.

ఆయనకు చూపించాను.

“నవ్వకమ్మా, గప్పుడుండె జుట్టు. సర్వర్‌ల ఫోటోలు కనవడితే తీసేస్తుండిరి. గందుకే గంత లోపల దాచినం. నేను తప్ప గీళ్లల్ల ఒక్కలు గూడ గీ ఆఫీసుల లేరిప్పుడు.”

“చెరిపేయనా సార్?”

“వద్దు. గా ఫోల్డర్ కాడికొస్తే ఎనక్కి రమ్మని రాయి.”

రాశాను. మా పద్ధతి ప్రకారం ఆ లైను పక్కన కారణం కూడా రాయాలి. ఇంటికొచ్చినా తోచలేదు. మీరైతే ఏం రాస్తారు?